మోసేవాడి తప్పు కాదు



రాయ్‌పూర్ చుట్టుపక్కల కోళ్ల ఎరువు ఎత్తేది, చచ్చిన పశువును మోసేది ఎవరో మీకు తెలుసు. మందు వేయించేది యజమాని. ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా చేరేది కూలీ చేతుల మీదికి, ముక్కులోకి.

డాక్టర్లు చివరి అస్త్రంగా దాచుకునే కోలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు అమ్మకూడదని కేంద్రం 2019 జులైలో నిషేధించింది. కానీ షెడ్డులోకి వెళ్లి చూసేదెవరు?

నెదర్లాండ్స్‌లో పందుల పెంపకందారు ఆసుపత్రిలో చేరితే ముందే ఎంఆర్‌ఎస్‌ఏ పరీక్ష చేస్తారు. ఇక్కడా అడుగుదాం. అయితే, పరిశోధకులారా, ‘రోగాలు మోసే కులాలు’ అనే అర్థం మీ రాతల్లోకి రానివ్వకండి. అది అంటరానితనానికి కొత్త పేరు.

1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చచ్చిన పశువు మాంసం మానమన్నది ఆత్మగౌరవం కోసం. నేడు గ్లౌజులు, సబ్బు, ఉచిత పరీక్ష, జీతంతో సెలవు అడగడమూ ఆత్మగౌరవమే.

జై భీమ్!