అడవికందిని కాపాడుకొందము
(అటవీ సరిహద్దు గ్రామముల పంచాయతీ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగము)



ఖమ్మము నుండి భద్రాచలము వరకు అడవి అంచుననున్న గ్రామములలో కందిచేను ఎరుగని రైతు లేడు. ఆ కందికి అడవిలో ఒక చుట్టము కలదని మాత్రము కొందరికే తెలియును. శాస్త్రజ్ఞులు దానిని కజానస్ కజానిఫోలియస్ అందురు. మనము అడవికంది యందము. తూర్పు కనుమలలోను, భద్రాచలమునకు ఉత్తరముననున్న బస్తరు అడవులలోను ఇది పెరుగును. చూపునకు చేనికంది వలెనే యుండును. దాని గింజకు మాత్రము తొడిమ వైపున తెల్లని కండ వంటిది ఉండును.

కంటికి ఒకటిగా తోచు మొక్కలలోని భేదమును తెలిసికొనుటెట్లు? ప్రతి మొక్క కణములందును డి.ఎన్.ఏ. అను పదార్థము కలదు. తల్లిదండ్రుల లక్షణములు దాని ద్వారానే సంతతికి వచ్చును. దారము వంటి ఆ పదార్థములో మొక్కకు మొక్కకు మారుచుండు చోట్లు కొన్ని ఉన్నవి. వీటినే డి.ఎన్.ఏ. గుర్తులందురు. సర్వే రాళ్లను బట్టి పొలము హద్దు తేల్చునట్లు, ఈ గుర్తులను బట్టి ఏ మొక్క దేనికి దగ్గరయో ప్రయోగశాలలో తేల్చుదురు. అందులకు కొద్దిపాటి లేత ఆకు చాలును.

పటాన్‌చెరువులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ విత్తన భాండారమున 13 వేలకు పైగా కంది నమూనాలు కలవు. ఇట్టి గుర్తులతో జరిగిన పరిశోధనలవలన రెండు సంగతులు తెలిసినవి. చేనికందికి మూలము అడవికందియే. చేనికందిలో వైవిధ్యము స్వల్పము; అడవి జాతులలో అధికము. వైవిధ్యము లేని పంటకు ఎండుతెగులో, వెర్రితెగులో సోకినచో చేనంతయు పోవచ్చును. దానిని తట్టుకొను గుణమును వెదకవలసినది అడవి జాతులలోనే.

ఇది ఊహ కాదు. అడవికంది నుండి వచ్చిన గుణముతోనే పుప్పొడి పనిచేయని కంది మొక్కలను తయారుచేసిరి. వేరొక రకపు పుప్పొడిని తేనెటీగలు వాటికి చేర్చగా సంకర విత్తనము లభించును. ఇట్టి తొలి సంకరకంది 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలయ్యెను. తెలంగాణలో 2015లో మన్నెంకొండ కంది విడుదలయ్యెను. ఆ అడవి మొక్క ముందే నశించియున్నచో ఈ మేలు మనకు కలిగియుండెడిది కాదు.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీలోను జీవవైవిధ్య యాజమాన్య సంఘము ఉండవలెను. ప్రజలను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును వ్రాయుట దాని ముఖ్య విధి. గ్రామపు జీవ వనరుల వినియోగమును గూర్చి నిర్ణయించునపుడు జాతీయ, రాష్ట్ర సంస్థలు ఈ సంఘమును సంప్రదింపవలెను. వర్తకమునకై వాటిని సేకరించువారి నుండి రుసుము తీసికొను అధికారమును సంఘమునకు కలదు.

కావున మేము కోరునది ఇదియే. కోయ, కొండరెడ్డి పెద్దలను, అడవికి పోవు స్త్రీలను కూర్చుండబెట్టి వారు చెప్పు మొక్కల పేర్లను, చోట్లను వ్రాయుడు. అడవికంది కనిపించినచో పెరికివేయక, కాయ పండి గింజ రాలువరకు అగ్గి నుండియు, పశువుల నుండియు కాపాడుడు. ప్రయోగశాల మొక్కలోని భేదమును చెప్పగలదు. మొక్కను బ్రతికింపవలసినది గ్రామమే.