అమ్మ చీర, పాప లంగా

పాత బట్టలతో కొత్త బట్టలు కుట్టుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముందే చెప్పేస్తున్నాను, నేను దర్జీని కాను. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికే ఉద్యోగం నాది. కుట్టుపని సరదా కొద్దీ నేర్చుకోలేదు, అవసరం పడి నేర్చుకున్నాను.

రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో నేను చేస్తున్న కాంట్రాక్టు అయిపోయింది. పొడిగిస్తారనుకున్నాం, పొడిగించలేదు. ఇక్కడ ఇంగ్లండులో ఇంటి వాయిదా, కరెంటు, గ్యాసు, పాప స్కూలు తర్వాత ఉండే చోటికి కట్టే డబ్బు, ఇవేవీ మన కాంట్రాక్టుతో పాటు ఆగవు కదా. అందులో ఉగాది వచ్చింది. పాపకి అప్పుడు ఆరేళ్లు. కిందటి ఏడాది పట్టు లంగా మోకాలి కిందకి వచ్చేసింది. ఊళ్లో కుట్టించి కొరియర్లో తెప్పిద్దామంటే మా ఆయన ఏమీ అనలేదు గానీ, ఆయన మొహం చూసి నేనే మానుకున్నాను.

ఇంట్లో అమ్మమ్మ పట్టుచీర ఒకటి ఉంది. నా పెళ్లికి అమ్మ ఇచ్చింది. ఇంటర్నెట్లో చూసి 35 పౌండ్లకి ఒక పాత కుట్టు మిషన్ కొన్నాను. దాని సర్వీసుకి 40 అయింది, అది వేరే సంగతి. రెండు రాత్రులు కూర్చుని ఆ చీరతో లంగా, బిగుతుగా జాకెట్టు కుట్టేశాను. ఫోటోల్లో చాలా బాగుంది. ఉగాది నాడు హాల్లో పిల్లలందరూ నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. పాప కూడా కూర్చుంది. చర్రుమని ఒక చప్పుడు. లంగా కుట్టు దగ్గర చిరగలేదండీ, బట్టే అడ్డంగా పిగిలిపోయింది. లేచేసరికి ఇంకోచోట. పాప ఏడవలేదు గానీ, ఆ సాయంత్రమంతా నా శాలువా చుట్టుకుని మూల కుర్చీలోంచి కదల్లేదు.

ఫోన్లో అమ్మకి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కోసే ముందు నన్నొక మాట అడగాల్సిందే" అంది. అంతే అంది. ఆ చీర దాదాపు నలభై ఏళ్లు బీరువాలో ఒకే మడత మీద ఉందని నాకు తెలీదు. అడిగి ఉంటే చెప్పేది.

అందుకే ఇవాళ కత్తెర సంగతి తర్వాత, ముందు బట్టని పరీక్ష చెయ్యడం గురించి చెబుతాను. పాత పట్టు చూడ్డానికి ధగధగలాడుతూనే ఉంటుంది, లోపల చివికిపోయి ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకే చోట మడత పడితే ఆ గీత పొడుగునా దారాలు తెగిపోతాయి. జరీ అంచు బరువు, పక్కనున్న బట్ట పల్చన, కాబట్టి అంచుని ఆనుకుని కూడా చీలుతుంది. చీరని కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుతురులో చూడండి. మడతల దగ్గర సన్నని గీతల్లా వెలుతురు కనిపిస్తే ఆ భాగం పనికిరాదు. తర్వాత రెండు బొటనవేళ్లూ పక్కపక్కన పెట్టి నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా లాగండి. గట్టి బట్ట సాగినట్టయి మళ్లీ సర్దుకుంటుంది. చివికిన బట్ట కాగితంలా చప్పుడు చేస్తుంది. ఒక్కచోట చూసి ఊరుకోవద్దు. చీర పొడుగంతా జానెడుకొకసారి చూడండి. పావుగంట పని. ఆ పావుగంట నేను పెట్టలేదు.

ఇంకొకటి, రంగు. తడిపిన తెల్ల గుడ్డముక్కతో చీర లోపలి చెంగు మూల అద్ది చూడండి. రంగు అంటితే కింద తెల్ల లైనింగు వెయ్యకూడదు, చెమటకి మరకలవుతాయి.

ఈ గొడవంతా అయ్యాక ఒకరోజు మా పక్కింటి పెద్దావిడ టీకి వచ్చింది. ఇంగ్లీషావిడ, ఎనభై దాటి చాలా కాలమైంది. టేబుల్ మీద ఆ చిరిగిన ముక్కలు చూసి, చేత్తో నిమిరి, తన చిన్నప్పటి సంగతులు చెప్పింది. యుద్ధకాలంలో ఈ దేశంలో బట్టలకి కూడా రేషను ఉండేది. 1941 జూన్ 1న మొదలైంది, 1949 దాకా నడిచింది. మొదట్లో మనిషికి ఏడాదికి 66 కూపన్లు. డబ్బున్నా కూపను లేనిదే కొత్త గౌను లేదు. 1943లో ప్రభుత్వం 'మేక్ డూ అండ్ మెండ్' అని ఒక చిన్న పుస్తకం వేసింది, ఉన్నదాన్ని బాగుచేసుకుని వాడుకోమని. వాళ్లమ్మ మధ్యలో అరిగిన దుప్పటిని నిలువునా రెండుగా కోసి, అరగని అంచులు రెండూ మధ్యకి వచ్చేలా కలిపి కుట్టేదట. నాకు వెంటనే మా అమ్మమ్మే గుర్తొచ్చింది. నేత చీర ఒకచోట చిరిగితే ఆ మేర తీసేసి, మిగిలిన రెండు ముక్కలూ కలిపి కుట్టి, ఆ అతుకు కుచ్చిళ్లలో దాగేలా కట్టుకునేది. అది కూడా అరిగాక బొంతలోకి వెళ్లేది.

ఆవిడ నాకు చొక్కా కాలరు తిప్పడం నేర్పింది. మన ఇళ్లల్లో ఆఫీసు చొక్కాలకి కొదవలేదు కదా. ముందు పాడయ్యేది కాలరే, మెడ దగ్గర మడత మీద పీచు లేస్తుంది. మిగతా చొక్కా శుభ్రంగా ఉంటుంది. కాలరు కింద పట్టీలోకి దిగే కుట్టు మాత్రం విప్పి, కాలరు తిరగేసి మళ్లీ అదే చోట కుట్టేస్తే అరిగిన వైపు కిందకి వెళ్లిపోతుంది. మా ఆయన చొక్కాలు నాలుగు ఇలా ఇంకో ఏడాది నడిచాయి. మరీ పాతబడ్డ చొక్కా అయితే వీపు భాగం చూడండి, మోచేతుల్లా, మెడలా అది తొందరగా అరగదు. గుండీలున్న ముందు భాగాన్ని వెనక్కి పెట్టుకుంటే చిన్నపిల్లల గౌనుకి గుండీలు, కాజాలు తయారుగా ఉన్నట్టే. కొత్తగా నేర్చుకునేవాళ్లకి కాజాలే పెద్ద తలనొప్పి.

సరే, అసలు సంగతికి వస్తాను. ఆ ఏడు దసరాకి అమ్మే ఫోన్ చేసి "నా ధర్మవరం చీర పంపుతున్నాను" అంది. అమ్మ పెళ్లినాటి చీరల్లో ఒకటి. నేను వద్దన్నాను. ఒకటి పాడుచేసిన దాన్ని, మళ్లీ ఇంకోటా? "నేను కట్టలేను, బరువు. నువ్వు కట్టవు. బీరువాలో పెట్టి దాన్ని కూడా మీ అమ్మమ్మ చీరలా చేద్దామా? ఈసారి చూసి కొయ్యి" అంది. తెలిసినవాళ్లు వస్తూ తెచ్చారు. అమ్మ దాన్ని ఏటా మడత మార్చి, పాత పంచెలో చుట్టి దాచిందట. కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే ఒక్క గీత లేదు.

లెక్క చెబుతాను, కాగితం మీద రాసుకోండి. చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు, పన్నా 46 అంగుళాలు. లంగాకి చీరని అడ్డంగా వాడతాం, అంటే చీర అంచే లంగా అంచు అవుతుంది. కాబట్టి కింద మడిచి కుట్టే పనే లేదు. పాపకి నడుము నుంచి మడమ దాకా 27 అంగుళాలు. పైన నడుము పట్టీ కుట్టుకి 2. పెరిగే పిల్ల కాబట్టి అంగుళం వెడల్పున రెండు మడతలు వేశాను. అంగుళం మడత రెండు అంగుళాల బట్ట తింటుంది, అంటే రెంటికీ 4. మొత్తం 33. పన్నాలో ఇంకా 13 అంగుళాలు మిగిలాయి, అందులో చీర రెండో అంచు ఉంది. జాకెట్టు, బుట్ట చేతులు ఆ ముక్కలోనే వచ్చాయి, చేతులకి అంచుతో సహా. కుచ్చిళ్లకి 3 మీటర్లు చాలు. కోసింది లోపలి చెంగు వైపు నుంచి. పైట కొంగుతో రెండున్నర మీటర్లు అలాగే ఉంచాను. పాప పెద్దదయ్యాక ఓణీ అవుతుంది. కొంగు కొయ్యకుండా ఉండడం నా కోసం కూడా.

లైనింగుకి కొత్త బట్ట కొనలేదు. మా వీధి చివర ఛారిటీ షాపులో డబుల్ బెడ్ డువే కవరు ఒకటి 4 పౌండ్లకి దొరికింది. పన్నెండు లంగాలు కుట్టచ్చేమో అనిపించింది! రెండు మీటర్ల చదరం, అలాంటివి రెండు పొరలు. లోపల చీటీ చూసి పూర్తి నూలుదే తీసుకోండి. చాలాసార్లు ఉతికినది కాబట్టి ఇంక కుంచించుకుపోదు. కొత్త లైనింగు ఉతక్కుండా వేస్తే మొదటి ఉతుకుకే లాక్కుపోయి పైబట్ట ముడతలు పడుతుంది. ముందు ఆ కవరు ముక్కతోనే జాకెట్టు ఒకసారి కుట్టి పాపకి తొడిగి చూశాను. చంక దగ్గర బిగిసింది. అది పట్టు మీద తెలిసి ఉంటే?

సూది సంగతి కూడా చెప్పాలి. మిషన్లో మామూలుగా ఉండే సూది నెంబరు 80. పట్టుకి 60 గానీ 70 గానీ వెయ్యండి. లావు సూది దారాలని తెంపుతూ పోతుంది. జీన్సుకైతే 100 కావాలి. ఆది జాకెట్టు కన్నా కుట్టు వదులుగా, పక్కన అరంగుళం బట్ట లోపల ఉంచి కుట్టాను. పట్టుకి దిగేది బిగువే, పిల్లలు కూర్చుంటారు, గెంతుతారు.

కోసేటప్పుడు అమ్మ వీడియోలో ఉంది. కత్తెర పట్టుకుని రెండుసార్లు ఆగాను. "ఊఁ, కానీ, నాకు నిద్రొస్తోంది" అంది.

ఖర్చు చెప్పనా? డువే కవరు 4, దారం 3, సూదులు 3, హుక్కులు పౌనున్నర. పదకొండున్నర పౌండ్లు, పది సాయంత్రాలు. ఆ సాయంత్రాలకి ఉద్యోగం ఉన్నప్పటి రేటు కడితే ఇది దండగ పని. ఉద్యోగం లేనప్పుడు ఆ లెక్క వెయ్యకండి. అలాగే లేసులూ, పూసలూ, కొత్త కత్తెర సెట్టూ అని కొనుక్కుంటూ పోతే పాతబట్ట కొత్తబట్ట కన్నా ఖరీదవుతుంది. నాకు తెలిసిన ఇద్దరికి అలా అయింది, వాళ్లు వింటున్నారు కూడా.

అన్నట్టు, మీ దగ్గర పాత గద్వాల చీరలుంటే, వాటికి ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. ఒళ్లు అరిగిపోయినా అంచులు బాగుంటాయి. అంచుకి అరంగుళం నూలు బట్ట మిగిలేలా కత్తిరించి తీసి, కొత్త నూలు లంగాకి వేసుకోండి. సరిగ్గా కలిసే చోట కొయ్యకండి, విడిపోతుంది.

అమ్మమ్మ చీరలో మిగిలిన గట్టి ముక్కలకి వెనక పల్చని అతికే గుడ్డ ఇస్త్రీ చేసి ఒక చిన్న సంచి కుట్టాను. వేడి తక్కువ పెట్టి, జరీ మీద గుడ్డ వేసి చెయ్యాలి. పూజ పుస్తకానికి వాడుకుంటుందని అమ్మకి పంపాను. కళ్లజోడు పెట్టుకుంటోంది.

నవంబరులో నాకు మళ్లీ పని దొరికింది. మిషన్ అమ్మెయ్యలేదు. పోయిన దసరాకి లంగా మొదటి మడత విప్పాను, విప్పిన చోట గీత కొంచెం కనబడింది, పాప దాన్ని కూడా డిజైనే అనుకుంది. రెండో మడత ఈ ఏడు విప్పాలి.