పాత సామాన్లలో దొరికిన వామన గుంటలు

పోయిన వారం వనపర్తిలో ఓ పాత సామాన్ల దుకాణంలో, కుక్కర్ మూతల కింద ఒక చెక్క పెట్టె కనిపించింది. తెరిస్తే వామన గుంటలు! ఇటు 7, అటు 7, మొత్తం 14 గుంటలు. 150 రూపాయలిచ్చి తెచ్చుకున్న.

నిజం చెప్పాలంటే, ఇలాంటిదే మా ఇంట్ల ఉండేది. బీటెక్ అయినంక ఇల్లు సర్దుతూ నేనే పాత సామాన్ల బండికి అమ్మేసిన. అవ్వ ఒక్క మాట అనలే.

ఈసారి గద్వాల పోయి పెట్టె ఆమె ముందు పెట్టిన. గుంటకు 5 చొప్పున చింతపిక్కలు పోసింది. ఒక గుంటలోవి తీసి, తలా ఒకటి వేసుకుంటూ పోవాలె. చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి తీసి మళ్లీ పంచాలె. పక్క గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవి మనవే. ఏ గుంట నుంచి మొదలుపెట్టాలో నేను లెక్కేసేలోపే ఆమె చూపుతోనే పట్టేస్తది. కోడ్ రాసిన నేను 3 ఆటలూ ఓడిన!

ఆఖరికి మెల్లగా అన్నది: "నువ్వు అమ్మింది మా అమ్మ నా పెళ్లిల ఇచ్చిందిరా."

ఫ్రెండ్స్, అటక మీది సామాను అమ్మే ముందు మీ అవ్వను ఒక్కసారి అడగండి. ఉంటా మరి!