క్షమాభిక్ష భిక్ష కాదు

(డిసెంబర్ 6 అంబేడ్కర్ వర్ధంతి సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఉరిశిక్ష పడ్డవాళ్ళ గురించీ, వాళ్ళ ప్రాణం నిలబెట్టే అధికారం రాష్ట్రపతికి ఎందుకిచ్చారనే దాని గురించీ మాట్లాడమన్నారు. వర్ధంతి రోజు ఇదేం మాటని మీకనిపించవచ్చు. 1949 జూన్ 3న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఏమన్నాడో తెలిస్తే అట్లా అనిపించదు. అప్పీళ్ళ మీద చర్చ జరుగుతుంటే ఆయన లేచి, ఈ దేశం ఉరిశిక్షను పూర్తిగా ఎత్తివేయడమే సబబని చెప్పాడు. ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. ఉరి మిగిలింది. దాంతోపాటు 72వ అధికరణం కింద రాష్ట్రపతికి, 161 కింద గవర్నరుకి శిక్ష తగ్గించే అధికారం కూడా మిగిలింది.

మన జిల్లాల్లో జరిగినదే చెబుతాను. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు తగలబడింది. దోపిడీకొచ్చిన ఇద్దరు యువకులు పెట్రోలు పోశారు, నిప్పంటుకుంది. 23 మంది కాలిపోయారు. ఆ ఇద్దరూ దళితులు, బీదవాళ్ళు. 1995లో గుంటూరు సెషన్స్ కోర్టు ఉరి వేసింది. హైకోర్టు సరేనంది. 1996లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. నాలుగేళ్ళు తిరక్కుండానే మూడు కోర్టులూ అయిపోయాయి.

అప్పుడు నేను పదో తరగతి. మా పల్లెకి సంతకాల కాగితం వచ్చింది, వాళ్ళ ఉరి ఆపమని రాష్ట్రపతికి. వాడలో చదువొచ్చినోళ్ళం తక్కువ కాబట్టి చదివి వినిపించే పని నాకు పడింది. మా అయ్య చివరిదాకా విని, "ఒరే, ఆ బస్సులో చచ్చినోళ్ళు కూడా మనలాంటోళ్ళే గదరా" అన్నాడు. నాకు జవాబు రాలేదు. కాసేపు అట్లాగే కూర్చుని, "వీళ్ళిద్దర్నీ చంపితే వాళ్ళేమన్నా లేచొస్తారా" అని తనే అని, వేలిముద్ర వేశాడు. మా అయ్య మొదటి మాటా నిజమే, రెండో మాటా నిజమే. మొదటిది మర్చిపోయి రెండోది మాట్లాడే హక్కు మనకి లేదు. చనిపోయిన 23 మందికి తల వంచే ఈ మాట చెబుతున్నాను.

రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ ఆ అర్జీని తిరస్కరించాడు. 1997 మార్చి నెలాఖరుకి ఉరి ముహూర్తం కూడా పెట్టారు. పౌరహక్కుల వాళ్ళు, రచయితలు, దళిత సంఘాలు పట్టు విడవలేదు. చివరి ఘడియలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. మళ్ళీ అర్జీ పెట్టారు. ఆ జులైలో కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతి అయ్యాడు. 1998లో వాళ్ళ ఉరి యావజ్జీవంగా మారింది. కేసు అదే, కాగితాలు అవే. మొదటి అర్జీకి చావు, రెండో అర్జీకి బతుకు.

ఇప్పుడు రెండో కేసు పక్కన పెట్టి చూడండి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మనవాళ్ళని నరికి చంపారు. తీర్పు ఎప్పుడొచ్చింది? 2007లో. పదహారేళ్ళకి. 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. ఎనిమిది ప్రాణాలు పోయాయి, చంపినోడు మాత్రం ఎవడూ లేడు!

ఇక్కడ ఒక తమ్ముడు అడుగుతాడు, నాకు తెలుసు. "సారూ, మరి చుండూరు వాళ్ళకి ఉరి అడగాలిగానీ, ఉరి వద్దంటావేంది?" ఈ ప్రశ్న నాలోనూ ఉంది. నా జవాబు ఇది. మనం అడిగినంత మాత్రాన ఉరి వాళ్ళ దగ్గరికి పోదు. వాళ్ళకి పెద్ద వకీలున్నాడు, సాక్షిని బెదిరించే బలగముంది, కేసుని పదహారేళ్ళు సాగదీసే డబ్బుంది. ఇవేవీ లేనోడి దగ్గరికే ఉరితాడు నడిచొస్తుంది. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ వాళ్ళు దేశమంతా జైళ్ళు తిరిగి 2016లో లెక్క బయటపెట్టారు. ఉరిశిక్ష పడ్డవాళ్ళలో నూటికి 76 మంది దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల వాళ్ళు, మైనారిటీలు. నూటికి 74 మంది బీదవాళ్ళు. మనం చుండూరుకి అడగాల్సింది శిక్ష. సకాలంలో విచారణ, సాక్షులకి రక్షణ, నిలబడే తీర్పు. ఉరికంబానికి పదును పెట్టమంటే ఆ పదును తిరిగి మన మెడకే తగులుతుంది.

క్షమాభిక్ష అనే మాట దగ్గరికొద్దాం. భిక్ష అంటే ఒకడు పెట్టేది, ఇంకొకడు చెయ్యి చాచేది. మన పెద్దలు దొడ్డిగుమ్మం దగ్గర నిలబడి చాచిన చెయ్యి చాలు. ఇది భిక్ష కాదు. 2014 జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు ఇది దయా కాదు, ఎవరికో ఇచ్చే ప్రత్యేక వరమూ కాదు, రాజ్యాంగం పెట్టిన బాధ్యత అని చెప్పింది. ఏళ్ళ తరబడి అర్జీ తేల్చకుండా మనిషిని చావు ముందు కూర్చోబెట్టడం తప్పని, ఆ రోజు 15 మంది ఉరి తప్పించింది. కోర్టు చూడలేనిది చూడటానికే ఈ అధికారం. వాడి వయసెంత, పెరిగిన తీరేంటి, ఏ వకీలు వాదించాడు, మతి స్థిమితముందా, అన్నీ చూడొచ్చు.

అయితే రాష్ట్రపతి ఒంటరిగా సంతకం పెట్టడు. కేంద్ర మంత్రివర్గం సలహా ప్రకారం నడవాలి. అంటే ఫైలు హోం శాఖలో తయారవుతుంది. కలం ఎటు తిరుగుతుందనేది రాజకీయం. మన రాష్ట్రంలోనే 2005లో హత్య కేసులో శిక్ష పడ్డ ఒక అధికార పార్టీ మనిషికి గవర్నరు శిక్ష తగ్గించాడు. మంచి పార్టీ కార్యకర్త అని ప్రభుత్వ నివేదికలోనే రాశారు! 2006లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కులం, మతం, పార్టీ చూసి క్షమించడానికి వీల్లేదంది. తలుపులు వాళ్ళకి వాటంతటవే తెరుచుకుంటాయి. మనం సంతకాలు మోసుకుపోయి తట్టాలి.

ఆ తట్టే దారి కూడా ఇప్పుడు ఇరుకైంది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. దాని 472వ సెక్షను చదవండి. సుప్రీంకోర్టులో ఓడినట్టు జైలు అధికారి చెప్పిన రోజు నుంచి 30 రోజుల్లో అర్జీ పెట్టాలి. గవర్నరు కాదంటే 60 రోజుల్లో రాష్ట్రపతికి పెట్టుకోవాలి. పెట్టేది ఖైదీ గానీ, వారసుడు గానీ, బంధువు గానీ. ఇంతకుముందే పెట్టకపోతేనే. రాష్ట్రపతి నిర్ణయాన్ని ఏ కోర్టూ ప్రశ్నించకూడదట. 1998లో ఆ ఇద్దరిని నిలబెట్టింది రెండో అర్జీ, బయటివాళ్ళ పట్టుదల, కోర్టు ఇచ్చిన స్టే. మూడింటికీ ఈ సెక్షను అడ్డం పడుతోంది.

అందుకని కార్యకర్తలకి చెబుతున్నాను. మీ పల్లె నుంచి ఎవరికన్నా ఇట్లాంటి శిక్ష పడితే నింద చూసి మొహం తిప్పుకోకండి. తల్లినో, అన్ననో తీసుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పోండి, ఉచిత వకీలుని అడగండి. 30 రోజులు వేళ్ళమీద లెక్కపెట్టండి. వాడి బతుకంతా కాగితం మీద పెట్టించండి: బడి మానేసిన ఏడు, కూలికి పోయిన ఏడు, జబ్బులు, పిల్లలు. తిరస్కరిస్తే లిఖితపూర్వకంగా అడిగి తీసుకోండి. తిరస్కరణ అందాక ఉరికి కనీసం 14 రోజుల గడువుండాలని, ఇంటివాళ్ళని కలవనివ్వాలని 2014 తీర్పులో ఉంది.

మా అయ్య ఇప్పుడు లేడు. సంతకం రాని ఆయన బొటనవేలు ఆ రోజు రాష్ట్రపతి దాకా పోయింది. మనకి సంతకం వచ్చు. వాడుకుందాం.

జై భీమ్.