గుండె లయకు వాడే మందులు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గుండె లయ తప్పినవారికి ఇచ్చే మందులను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మన ఇళ్ళలో ఒక అలవాటుంది. "నాకు ఈ మాత్రతో దడ తగ్గింది, నువ్వూ వేసి చూడు" అని పక్కింటివారికి ఇచ్చేస్తాం. అది ప్రాణం మీదికి తెచ్చే పని. ఎందుకో మనవి చేస్తాను.

గుండె కొట్టుకునేది విద్యుత్తు వల్ల. అది కుడి పైగదిలో పుట్టి, నడిమి ముడి దగ్గర ఒక్క క్షణం నిదానించి, కిందిగదులకు పాకుతుంది. కణాల గోడల్లో చిన్న ద్వారాలున్నాయి. వాటిగుండా సోడియం, కాల్షియం లోపలికీ, పొటాషియం బయటికీ పోతుంటేనే ఈ విద్యుత్తు నడుస్తుంది.

ఈ మందులను నాలుగు తరగతులు చేశారు. ఆక్స్‌ఫర్డ్‌లో వాన్ విలియమ్స్ 1970లో వేసిన బాట ఇది. మొదటి తరగతి సోడియం ద్వారాన్ని అడ్డుకుంటుంది. క్వినిడిన్, ఫ్లెకైనైడ్ ఇందులోవి. రెండవది బీటా బ్లాకర్లు, ప్రొప్రనొలాల్ వంటివి. ఇవి అడ్రినలిన్ జోరును గుండెకు తగలనివ్వవు. మూడవది పొటాషియం పోకను ఆలస్యం చేసి, కణం మళ్ళీ సిద్ధమయ్యే వ్యవధిని పెంచుతుంది, ఎమియోడరోన్ ఇటువంటిది. నాల్గవది కాల్షియాన్ని ఆపి నడిమి ముడిని నెమ్మది చేస్తుంది. వెరపమిల్ దీనికి ఉదాహరణ. పాత మందు డిజాక్సిన్ ఈ నాలుగింటిలోనూ ఇమడదు.

ఇక అసలు సంగతి. గుండెపోటు వచ్చినవారిలో అదనపు దెబ్బలను అణచితే ప్రాణం నిలుస్తుందని ఒకప్పుడు వైద్యులే అనుకున్నారు. 'కాస్ట్' అనే పరిశోధనలో పరీక్షించి చూశారు. 1991లో వచ్చిన లెక్క ప్రకారం, ఎన్‌కైనైడ్ గాని ఫ్లెకైనైడ్ గాని వాడిన 755 మందిలో 63 మంది చనిపోయారు. మందులేని ఉత్త మాత్ర వాడిన 743 మందిలో చనిపోయింది 26 మందే! దెబ్బలు సద్దుమణిగాయి గాని మనుషులు దక్కలేదు. లయను సరిచేసే మందే లయను చెడగొట్టగలదన్నమాట.

కాబట్టి ఒకరి మాత్ర ఇంకొకరు వాడకండి. ఉబ్బసమున్నవారికి ప్రొప్రనొలాల్ ప్రమాదం. ఎమియోడరోన్ వాడేవారు థైరాయిడ్ పరీక్షలు మానకూడదు. బాగుందని బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా ఆపకూడదు. రంజాన్‌లో రోజా ఉండదలచినవారు నెల ముందుగానే డాక్టరును అడగండి. సహరీకి ఏది, ఇఫ్తార్‌కు ఏది, అసలు ఉపవాసం ఉండవచ్చునా అన్నది ఆయన చెప్పాలి. మనంతట మనం వేళలు మార్చుకోరాదు.