పాఠం చెప్పడం ఎవరి దగ్గర నేర్చుకోవాలె?

(దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆదివారం తల్లిదండ్రులు, విద్యార్థులు, అధ్యాపకులు కూడిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిపంతులును. కాలేజీలో పాఠం చెప్పేవాణ్ణి కాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. మా అయ్య దొర దగ్గర జీతం ఉన్నడు. మా అమ్మ నాట్లేసింది, కలుపు తీసింది. కాలేజీ చదువుల సంగతి నీకెందుకు అని ఎవరన్నా అడగవచ్చు. నేను పదో తరగతి దాకా తెచ్చి వదిలిన పిల్లలు ఈ రోడ్డు మీదికే వస్తరు. నల్లగొండ బస్సు, సూర్యాపేట బస్సు ఎల్బీనగర్‌ల దించుతది. భుజాన సంచి, చేతిల మెమోల కవరు. దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎటు చూసినా కోచింగ్ బోర్డులు, హాస్టల్ బోర్డులు. ఆరు నెలలకు కొందరు ఊరికి తిరిగొస్తరు. ఎందుకొచ్చినవురా అంటే తల వంచుకొని "పాఠం అర్థం కాలేదు సార్" అంటరు. ఆ ఒక్క మాట గురించే ఈరోజు మాట్లాడుత.

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఒకటో తరగతికి చెప్పాలంటే డీఎడ్ చదవాలి. పదో తరగతికి చెప్పాలంటే బీఎడ్ చదవాలి. డిగ్రీ కాలేజీలో చెప్పడానికి మాత్రం పీజీ, దానిమీద నెట్టో, సెట్టో, పీహెచ్‌డీయో ఉంటే చాలు. సబ్జెక్టు తెలిస్తే చెప్పడం దానంతటదే వస్తదని లెక్క. ఈ లోటు సర్కారుకూ తెలుసు. 1986 జాతీయ విద్యావిధానం వచ్చినంక, 1987 నుండి యూజీసీ విశ్వవిద్యాలయాల్లో అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. మన ఉస్మానియాలోనూ ఒకటి పెట్టారు. కొత్త లెక్చరర్లకు నాలుగు వారాల ఓరియెంటేషన్, పాతవారికి మూడు వారాల రిఫ్రెషర్. వాటిని ప్రమోషన్లకు ముడిపెట్టారు. 2015లో వాటికి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలని పేరు మార్చారు. 2023లో మాలవీయ మిషన్ అన్నారు. ఇవిగాక కాలేజీలు సొంతంగా రెండు రోజులు, మూడు రోజులు బోధన మీద సదస్సులు పెడతాయి. నాక్ గుర్తింపు కోసం ఫైలులో చూపించడానికి కూడా అవి పనికొస్తాయి.

ఈ సదస్సులు దండగ అని నేను అనను. పాఠం చెప్పడం నేర్చుకుంటేనే వచ్చే పని. నా ప్రశ్న ఒకటే. ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారు?

కొన్నేళ్ల కింద ఎల్బీనగర్ అవతల ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీల ఇట్లాంటి సదస్సు జరిగింది. బడి అనుభవం పదిహేను నిమిషాలు చెప్పమని నన్ను పిలిచిండ్రు. పెద్ద బ్యానరు. దాని మీద "విద్యార్థి కేంద్రంగా బోధన" అని రాసి ఉంది. అందరికీ ఫైలు, పెన్ను, పగటిపూట బిర్యానీ. హాలంత కలియజూసిన. విద్యార్థి ఒక్కడు లేడు.

ఒక పెద్దాయన మైకు పట్టుకొని, "రిజర్వేషన్ మీద వచ్చేవాళ్లకు పునాది ఉండదు. మనం ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే" అన్నడు. కొందరు నవ్విండ్రు. నవ్వనోళ్లు ఫైలు దిక్కు చూసిండ్రు. నేనూ లేచి మాట్లాడలేదు. ఆ సంగతి ఇప్పుడు మీ ముందర ఒప్పుకుంటున్న.

ఊపిరాడక బయటికొచ్చిన. పక్క గదిల ఒక చిన్నవయసు గెస్ట్ లెక్చరర్ రెండు సెక్షన్లను కలిపి పాఠం చెప్తున్నది. గంట కొట్టినంక "మేడం, మీరు సదస్సుకు రాలేదా?" అని అడిగిన. "మాది పీరియడ్ లెక్క సార్. అక్కడ కూసుంటే ఆ రోజు పైసలు పోతయి. అయినా హాలుల ఉన్నోళ్ల క్లాసులు గూడ మేమే చెప్తున్నం గద" అన్నది. చూడండి. బోధన గురించి మాట్లాడేటోళ్లు హాలుల ఉన్నరు. బోధించేటోళ్లు క్లాసుల ఉన్నరు.

వెనక బెంచీల దేవరకొండ దిక్కు పిల్లగాడు ఒకడున్నడు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. "క్లాసుల ఏమన్న అడుగుతవా?" అన్న. వాడు చెప్పిన మాట ఇది: "అడగాలంటే ముందుగాల మనసుల ఇంగ్లీషుల కట్టుకోవాలె సార్. కట్టుకునేలోపల గంట కొడతరు."

"ఈ మాట ఎవరికన్న చెప్పినవా?" అన్న.

"నన్నెవరడిగిండ్రు సార్?"

మూడు రోజుల సదస్సుల దొరకని పాఠం ఆ వెనక బెంచీ మీద దొరికింది. నేను మాత్రం సర్టిఫికెట్ తీసుకొని ఇంటికి పోయిన. అది ఇంకా బీరువాల ఉంది.

ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు. ఇంగ్లీషు మనకూ కావాలె, మంచిగ కావాలె. కానీ మేడ మీదికి రమ్మని పిలిచి మెట్లు వేయకపోతే ఎట్ల? డిగ్రీ పాఠాలు తెలుగులో ఉండాలని 1968లో తెలుగు అకాడమీ పెట్టారు. ఇవాళ ఇంగ్లీషు మీడియం క్లాసులో కూసున్న పిల్లవానికి ఆ తెలుగు పుస్తకాన్ని పక్కన పెట్టి, ఈ మాటకు ఆ మాట అని మొదటి నెల చెప్పే ఓపిక ఎందరికి ఉంది? సదస్సులో నేర్పాల్సింది అది.

భాష ఒక్కటే కాదు, కులం కూడా క్లాసులో కూసుంటది. 1918లో బాబాసాహెబ్ అంబేద్కర్ ముంబై సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరారు. అమెరికాలో, లండన్‌లో చదివొచ్చిన మనిషి. అయినా అధ్యాపకుల గదిలో కుండనీళ్లు ఆయన తాగడానికి తోటి ప్రొఫెసర్లు అడ్డుచెప్పారు. ఇవాళ కుండ పోయి ఫిల్టర్ వచ్చింది. "నీ ర్యాంకెంత, నీదే కేటగిరీ" అని మొదటి రోజే అడిగే నోరు మాత్రం పోలేదు.

2012లో యూజీసీ సమానత్వ నియమాలు తెచ్చింది. క్లాసులో కులం పేరు చెప్పడం, రిజర్వేషన్ విద్యార్థి అని ముద్ర వేయడం, కులాన్ని చూపి వెనకబాటుకు అదే కారణం అనడం, ఇవన్నీ వివక్షేనని అందులో రాశారు. సమాన అవకాశాల విభాగం ఉండాలన్నారు, వివక్ష నిరోధక అధికారి ఉండాలన్నారు. మైకులో ఆ పెద్దాయన అన్నది అక్షరాలా ఆ నియమాల్లో ఉన్న తప్పే. హాలులో ఒక్కరం గూడ ఆ మాట ఎత్తలేదు. 2016 జనవరిలో ఇదే నగరంలో రోహిత్ వేములను పోగొట్టుకున్నం. అప్పటికే ఆ నియమాలు వచ్చి ఉన్నయి.

ఇక్కణ్ణుంచి కోఠీకి పోయే తొవ్వల చాదర్‌ఘాట్ వస్తది. అక్కడ భాగ్యరెడ్డివర్మ ఆది హిందూ భవన్ ఉంది. ఆయన 1910లోనే మన పిల్లల కోసం ఇసామియా బజారులో బడి పెట్టిండు. అంతకు ముందు, 1848లో, పుణెలో ఫూలే దంపతులు ఆడపిల్లల బడి తెరిచిండ్రు. బడి గడప తొక్కని పిల్లల దగ్గరే వాళ్లు మొదలుపెట్టిండ్రు. మన బోధనాశాస్త్రం అదే.

కాబట్టి మనం అడగాల్సినవి నాలుగు. బోధన సదస్సుకు గెస్ట్, కాంట్రాక్టు లెక్చరర్లను పీరియడ్ పైసలు కోయకుండా పిలవాలి. ప్రతి సదస్సులో ఒక పూట, ఇంట్లో మొదటిసారి కాలేజీకొచ్చిన పిల్లలు మాట్లాడాలి, అధ్యాపకులు వినాలి. మాట్లాడినందుకు మార్కులు కోయొద్దు. కులవివక్ష మీద ఒక పూట తప్పక ఉండాలి. ప్రశ్న తెలుగులో అడిగినా జవాబు చెప్పే అలవాటు మొదటి నెల నుంచే నేర్పాలి.

చివరికి తల్లిదండ్రులకు ఒక మాట. మనం కాలేజీకి పోతే ఫీజు అడుగుతం, హాస్టల్ల కూర ఎట్లుందో అడుగుతం. పాఠం గురించి అడగం. సదువు రానోళ్లం, ఏమడుగుతం అనుకుంటం. అడగవచ్చు. ఒక్కరు పోతే గేటు కాడనే ఆపుతరు, పదిమంది కలిసి పోండి. "వివక్ష నిరోధక అధికారి ఎవరు? మా పిల్లడు క్లాసుల ఎన్నిసార్లు నోరు తెరిచిండు?" అని అడగండి. ఈ అడుగుడుకు డిగ్రీ అక్కర లేదు.

ఇంకోసారి అట్లాంటి హాలుల అట్లాంటి మాట వినబడితే నేను కూసుండను, లేస్త. మీరు గూడ లేవాలె. వెనక బెంచీ పిల్లగాని ప్రశ్న గంట కొట్టేలోపల బయటికి రావాలె.

జై భీమ్.