గృహనిర్మాణములో మార్పుల పైకము

మాదన్నపేట కూరగాయల మండీలో రెండు కిలోల వంకాయలు కొనువారు ధర తెలిసికొనక సంచి పట్టరు. గోల్కొండ మంత్రి మాదన్న పేరు మోయుచున్న ఆ పేటలోనే, నూరు గజముల స్థలములో ఇల్లు కట్టించుకొను గృహస్థు మాత్రము, "మేస్త్రీ, ఆ దర్వాజ తూర్పుకు పెట్టు" అని చెప్పి, వెల అడుగక వెళ్ళిపోవును. నాలుగు నెలల తరువాత లెక్కల కాగితము చేతికి వచ్చినప్పుడు కలహము పుట్టును. ఆ కలహమును గూర్చియే నేడు కొంత ముచ్చటింప దలచితిమి.

మేమెరిగిన ఒక ఇంటి సంగతి చెప్పెదము. లెక్కకు అనువుగా అంకెలను గుండ్రము చేసితిమి. ఆ ఇంటి నమూనాలో వంటగది ద్వారము దక్షిణమున నున్నది. వాస్తు తెలిసిన పెద్దమనిషి యొకరు వచ్చి తూర్పున నుండవలెననిరి. గోడ లేవకముందే ఈ మాట వచ్చియుండినచో ఖర్చు దాదాపు లేదు. ఇక్కడ విడువవలసిన ఖాళీని అక్కడ విడుతురు, అంతే. కాని అప్పటికి గోడ లింటెల్ దాటినది. కొట్టు కూలి, క్రొత్త లింటెల్, పాత ఖాళీని మూయు ఇటుక, సిమెంటు, పూత, రాళ్ళురప్పలను బయటికి మోయు కూలి, అన్నియు చేరెను. లారీ చొరని గల్లీలలో మోతకూలి చిన్నది కాదు. పైగా రెండు దినములు పై పని ఆగినది. గుత్తేదారు చెప్పిన మొత్తము విని గృహస్థు, "ఒక్క దర్వాజకు ఇంతనా?" అని నివ్వెరపోయెను. ఇరువురిలో ఎవరును అబద్ధమాడలేదు. ఒకరు ద్వారమును లెక్కించిరి, మరియొకరు పనిని లెక్కించిరి.

ఇట్టి లెక్కలో తరచుగా మరచిపోవునది తీసివేత. మార్పు వలన మానివేసిన పని యేదైన నున్నచో దాని వెల గృహస్థునకు రావలెను. రెండు అలమారలు వలదన్నచో ఆ రెండింటి సొమ్ము తగ్గవలెను గదా! కూడికలు వ్రాయుటలో చూపు శ్రద్ధ తీసివేతలు వ్రాయుటలో గుత్తేదార్లకు కొంచెము తక్కువ. అడుగుటలో గృహస్థులకు మొగమాటము ఎక్కువ.

ఇక రెండవది, అలవెన్సు అనునది. ఒడంబడిక నాటికి ఏ టైలు వేయవలెనో తేలదు. కావున "టైల్సుకు చదరపు అడుగునకు 60 రూపాయలు" అని వ్రాసికొందురు. ఇది వెల కాదు, వెలకు ఊహ మాత్రమే. గృహస్థు దుకాణమునకు పోయి 95 రూపాయల రకము మెచ్చెను. అడుగునకు 35 రూపాయలు హెచ్చు. నేల 700 అడుగులు. హెచ్చు 24,500 రూపాయలని ఆయన లెక్క. విరుగుడు, తరుగుడుల క్రింద నూటికి పది కలిపి 770 అడుగులకు 26,950 రూపాయలని గుత్తేదారు లెక్క. ఆ 60 రూపాయలు సరకునకేనా, పరచు కూలితో కలిసియా, రవాణా ఎవరిది, విరుగుడు ఎవరిది అను మాట ఒడంబడికలో లేదు. 45 రూపాయల రకము ఎన్నుకొన్నచో అడుగునకు 15 రూపాయలు తిరిగి వచ్చునని కూడ లేదు. ఊహ రెండు వైపులకును తెరచి యుండవలెను. లేనిచో దానిని అలవెన్సు అనుట తగదు.

హైదరాబాదు నేల క్రింద నల్లరాయి కలదు. పునాదిలో బండ తగిలినచో అది ఎవరి తప్పును గాదు. బండ కొట్టుటకు ఘనపుటడుగునకు ఇంత అని ముందే వ్రాసికొనుట మేలు.

వ్రాత లేనంత మాత్రమున బాకీ లేదని కొందరు భ్రమపడుదురు. 1872 నాటి ఒడంబడికల చట్టము 70వ సెక్షను ప్రకారము, న్యాయముగా, ఉచితముగా చేయు ఉద్దేశము లేక ఒకరు చేసిన పని ఫలమును అనుభవించినవారు ప్రతిఫల మీయవలెను. బెంగాలు ప్రభుత్వమునకు సరియైన ఒడంబడిక లేకయే కట్టడములు కట్టిన బి.కె. మండల్ అండ్ సన్స్ వారి వ్యాజ్యములో 1961లో సుప్రీంకోర్టు ఈ సెక్షను క్రిందనే తీర్పు చెప్పినది. ఇష్టములేని వస్తువును తిప్పి పంపవచ్చును; కట్టిన గోడను ఎట్లు తిప్పి పంపుట? అడుగని పనికి గూడ సొమ్మీయవలెనని దీని యర్థము కాదు. కావుననే పని మొదలగునప్పుడే "ఇది మేము చెప్పలేదు" అని ఆపవలెను. గృహనిర్మాణము 1993 నుండి వినియోగదారుల చట్టపు సేవలలో చేరినది. రెండేండ్లలోగా జిల్లా కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చును.

సర్కారు పనులలో కొలతల పుస్తకము లేక బిల్లు కదలదు. ఇంటి పనికి పిల్లల నోటుపుస్తకము చాలును. తేది, మార్పు, కూడవలసిన సొమ్ము, తీయవలసిన సొమ్ము, పెరుగు దినములు, ఇరువురి సంతకములు. సుత్తి తాకకముందే వ్రాయవలెను. ఫోనులో పంపిన సందేశమైనను సాక్ష్యమునకు పనికివచ్చును.

ఆ మాదన్నపేట ఇంటి లెక్క మెట్ల మీద కూర్చుండియే తీరినది. మేడమీద విప్పని టైల్సు పెట్టెలు 40 అడుగులకు సరిపడ నుండెను. దుకాణదారు తిరిగి పుచ్చుకొనెను. కావున 730 అడుగులకు 25,550 రూపాయలు. ద్వారము సొమ్ము చెరిసగము పంచుకొనిరి.